మండుటెండలో బండి ప్రయాణం: తిరుపతి దారుల్లో ఏం వేసుకోవాలి, ఎలా వెళ్ళాలి

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. రోళ్ళ సంగతి ఏమో కానీ, మధ్యాహ్నం మూడు గంటలకు రేణిగుంట రోడ్డులో సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు పైనుంచి ఎండ, కిందినుంచి తారు, కాళ్ళ మధ్య ఇంజను కలిసి మనిషిని కాలుస్తాయి. అలాంటప్పుడు ఎవరైనా రైడింగ్ జాకెట్ గురించి మాట్లాడితే కోపం వస్తుంది. నాకూ వచ్చేది. బైరాగిపట్టెడ నుంచి ఏర్పేడు వైపు రోజూ పాతిక కిలోమీటర్లు వెళ్ళి వస్తాను. ఒక డిసెంబరులో ముచ్చటపడి దళసరి జాకెట్ ఒకటి కొన్నాను. మార్చి వచ్చేసరికి అది గోడకున్న మేకు ఎక్కింది.

ఆ మరుసటి నెలలోనే పొట్టి చేతుల చొక్కాతో వెళుతుంటే, ఏదో ట్రాక్టరు నుంచి రాలిన ఇసుక మీద ముందు చక్రం జారింది. వేగం 30 దాటలేదు. హెల్మెట్ ఉంది కాబట్టి తలకు ఏమీ కాలేదు. కుడి అరచేతి చర్మం మాత్రం రోడ్డు మీదే ఉండిపోయింది. మూడు వారాలు ఎడమచేత్తో, చెంచాతో తిన్నాను. రాగి సంగటిని చెంచాతో తినడం ఎలా ఉంటుందో చిత్తూరు జిల్లా వాళ్ళకు చెప్పనక్కరలేదు. అప్పటి నుంచి సామాను కొనేటప్పుడు ఒకటే చూస్తున్నాను: మే నెల మధ్యాహ్నం కూడా దీన్ని వేసుకోగలనా? వేసుకోలేనిదైతే అది ఎంత మంచిదైనా నాకు అక్కరలేదు.

ముందు మీ దారిని, వేళను లెక్క చూసుకోండి

దుకాణానికి వెళ్ళే ముందు ఒక వారం మీ ప్రయాణాన్ని గమనించండి. ఎన్ని కిలోమీటర్లు, ఎన్నిచోట్ల ఆగుతున్నారు, ఎండ ఏ పక్క నుంచి పడుతోంది, అన్నిటికన్నా వేడిగా ఉండేది ఏ గంట. లీలామహల్ కూడలి నుంచి బస్టాండు దాకా ఊళ్ళోనే వెళ్ళే వారికి గాలి తగలదు, ఆగడమే ఎక్కువ. వారికి తేలికదనం ముఖ్యం, తీయడం వేయడం సులువుగా ఉండాలి. చంద్రగిరి, పాకాల మీదుగా చిత్తూరు వైపు వెళ్ళేవారికి హైవే వేగం ఉంటుంది, కాబట్టి రక్షణ ఎక్కువ కావాలి. రేణిగుంట, ఏర్పేడు వైపు వెళ్ళేవారిది రెండూ కలిసిన వ్యవహారం.

దారి ఎంచుకునేటప్పుడు దూరం కన్నా ఆగే సమయం చూడండి. శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ మీద నీడ ఉండదు, కానీ ఆగే పని తక్కువ. ఎండలో కదులుతూ ఉండటం నిలబడటం కన్నా మేలు. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వారంలో మాత్రం ఆ చుట్టుపక్కల వీధుల్లోకి బండి తీసుకెళ్ళకండి. వేషాలు చూడాలనుంటే నడిచి వెళ్ళండి, అదే బాగుంటుంది.

కప్పుకుంటే వేడి తగ్గడం ఎలా

ఇది నమ్మడం కష్టం కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. మన చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. బయట గాలి 30 ఉంటే, వేగంగా వెళ్ళిన కొద్దీ ఒళ్ళు చల్లబడుతుంది. బయట 42 ఉంటే లెక్క తిరగబడుతుంది. ఆ గాలి మన ఒంట్లోని వేడిని తీసుకోదు, తన వేడిని మనకు ఇస్తుంది. కమ్మరి తిత్తి ఊదినట్టు ఉంటుంది. అప్పుడు మనల్ని చల్లబరిచేది చెమట ఒక్కటే. బయటపెట్టిన చేతుల మీద 50 కిలోమీటర్ల వేగంతో గాలి కొడితే చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది. పైనుంచి సూర్యుడి వేడి నేరుగా చర్మం మీద పడుతుంది. ఇంటికి వచ్చేసరికి చొక్కా పొడిగానే ఉంటుంది, తల మాత్రం దిమ్మెక్కుతుంది. "నాకు చెమటే పట్టలేదు" అని సంబరపడేవారు ఆ రోజు లీటర్ల కొద్దీ నీరు పోగొట్టుకుని ఉంటారు.

పైన వదులుగా, గాలి ఆడే బట్ట ఒకటి ఉంటే ఎండ దానికి తగులుతుంది, చెమట లోపల నెమ్మదిగా ఆరుతుంది. కూజాకు తడిగుడ్డ చుట్టే ఉపాయమే ఇది. పొలంలో పనిచేసేవారు ఎండాకాలంలో నిండుచేతుల చొక్కా వేసుకుని తలకు తువ్వాలు చుట్టుకునేది ఇందుకే.

హెల్మెట్ కొనే పద్ధతి

కొలతతో మొదలుపెట్టండి. కనుబొమలకు కొంచెం పైన తల చుట్టూ టేపు పెట్టి సెంటీమీటర్లలో కొలవండి. మన దగ్గర హెల్మెట్లలో 580 మిల్లీమీటర్లంటే సాధారణంగా మీడియం, 600 అంటే లార్జ్. దుకాణంలో వేసుకుని చూసుకున్నప్పుడు బుగ్గలు కాస్త నొక్కుకుని, మాట ముద్దగా రావాలి. కొత్తదానికి అదే సరైన కొలత. లోపలి మెత్తలు నెల రోజుల్లో అణుగుతాయి. కానీ నుదుటి మీద ఒకచోట గట్టిగా నొక్కుతుంటే అది అణిగేది కాదు, ఆ ఆకారం మీ తలకు నప్పదు. పట్టీ బిగించి, వెనక అంచు పట్టుకుని ముందుకు తోయండి. ఊడి వస్తే కొనకండి. దుకాణదారు విసుక్కున్నా సరే, పది నిమిషాలు తలమీద ఉంచుకున్నాకే డబ్బు ఇవ్వండి. పట్టీకీ గడ్డానికీ మధ్య రెండు వేళ్ళు పడితే చాలు.

ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. దాని ప్రమాణం ఐఎస్ 4151. ఆ ముద్ర లేని హెల్మెట్ల తయారీ, అమ్మకం 2021 జూన్ 1 నుంచి నిషేధం. ముద్ర పక్కన సీఎం/ఎల్ అని మొదలయ్యే సంఖ్య ఉంటుంది, దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి అసలుదో కాదో చూసుకోవచ్చు. రోడ్డు పక్కన గొడుగు కింద మూడు వందలకు అమ్మే వాటి మీద కూడా ఆ ముద్ర స్టిక్కరు ఉంటుంది కాబట్టి ఈ రెండు నిమిషాల శ్రమ అవసరం. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం వెనక కూర్చున్నవారికీ హెల్మెట్ ఉండాలి; లేకపోతే 1000 రూపాయల జరిమానా, మూడు నెలల పాటు లైసెన్సుపై వేటు. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలకు హెల్మెట్‌తో పాటు మనకు కట్టి ఉంచే పట్టీ కూడా కావాలి, వేగం 40 దాటకూడదు.

ఎండాకాలానికి చూడవలసినవి మరికొన్ని. గడ్డం దగ్గర, నుదుటి మీద గాలి రంధ్రాలు ఉండాలి, వెనక ఆ గాలి పోయే దారీ ఉండాలి. రంధ్రం పైన ఉన్నంత మాత్రాన చాలదు. లోపలి తెల్లని థర్మోకోల్ పొరలో కాలువలు తవ్వి ఉన్నాయో లేదో వేలితో తడిమి చూడండి, లేకపోతే ఆ రంధ్రాలు అలంకారానికే. లోపలి బట్ట విడదీసి ఉతుక్కునేలా ఉండాలి, తిరుపతి వేసవిలో ఈ ఒక్క సౌకర్యానికి అయిదారు వందలు ఎక్కువ పెట్టవచ్చు. రంగు తెలుపు లేదా లేత రంగు. సగం హెల్మెట్ మీద మోజు చాలామందికి ఉంటుంది. గాలి తగులుతుందని అంటారు. దవడ పగిలితే నెలల తరబడి ద్రవాహారమే, ఆ గాలి అంత విలువైనదేమీ కాదు. గడ్డం పైకి లేచే రకం హెల్మెట్ మధ్యేమార్గం: ఆగినప్పుడు ఎత్తి నీళ్ళు తాగవచ్చు, కదలగానే దించాలి. నల్ల వైజర్ (హెల్మెట్ ముందు అద్దం) పగటికి హాయిగా ఉంటుంది కానీ రాత్రికి ప్రమాదం. తెల్ల వైజర్‌తో పాటు లోపల దిగే సన్ వైజర్ ఉన్నది తీసుకుంటే గొడవ ఉండదు.

థర్మోకోల్ పొర దెబ్బను ఒక్కసారే మింగుతుంది. గట్టిగా దెబ్బతిన్న హెల్మెట్ పైకి కొత్తదానిలా కనిపించినా పని అయిపోయినట్టే. ఎండలో అద్దానికి తగిలించి వెళ్ళడం, పెట్రోలుతో తుడవడం, రెండూ దాన్ని లోలోపల చెడగొడతాయి.

జాకెట్: వల ఎంత ఉండాలి

మొదటిసారి బిల్లు చూసి మా అమ్మ, "జాకెట్టుకు ఆరు వేలా, జరీ ఏమైనా ఉందా?" అని అడిగింది. జరీ లేదు, భుజాలు, మోచేతుల దగ్గర ప్యాడ్లు ఉన్నాయి. డబ్బు పోసేది వాటికే. ప్యాడ్ మీద యూరప్ వారి సీఈ ముద్ర, అక్కడి ప్రమాణమైన ఈఎన్ 1621 అన్న సంఖ్య, లెవెల్ 1 లేదా 2 అని ఉంటాయి. మోచేయి, భుజం ప్యాడ్లను పరీక్షించేటప్పుడు దెబ్బ బలంలో లోపలికి చేరేది సగటున 35 కిలోన్యూటన్లు (బలానికి కొలమానం) దాటకపోతే లెవెల్ 1, 20 దాటకపోతే లెవెల్ 2. వీపు ప్యాడ్‌కు ఇవే హద్దులు 18, 9. చాలా జాకెట్లలో వీపు దగ్గర ఉత్త స్పాంజి ముక్క పెట్టి ఇస్తారు. జిప్పు తీసి చూడండి, ముద్ర లేకపోతే విడిగా కొనాలి.

వేసవికి వల బట్టతో చేసిన మెష్ జాకెట్టే సరైనది. తోలు జాకెట్ జారేటప్పుడు బాగా కాపాడుతుంది, కానీ తిరుపతిలో ఏప్రిల్ తరువాత దాన్ని వేసుకోమని చెప్పే ధైర్యం నాకు లేదు. ఛాతీ నిండా, వీపు నిండా వల ఉండి, రోడ్డుకు తగిలే భుజాలు, మోచేతులు, ముంజేతుల దగ్గర మాత్రం గట్టి నేత ఉన్నది ఎంచుకోండి. అంతా వలే ఉన్నది ఎంత చవకైనా వదిలేయండి. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11 మీటర్లు, పలచని వల తారు మీద అంత దూరం రాదు. ఈఎన్ 17092 ప్రకారం మొత్తం జాకెట్‌కూ తరగతి ఇస్తారు: ఏఏఏ అన్నిటికన్నా గట్టిది, తరువాత ఏఏ, ఆపైన ఏ. మెష్‌లో ఎక్కువగా దొరికేది ఈ చివరి 'ఏ' తరగతే, ఊరి ప్రయాణానికి అది సరిపోతుంది. రైనాక్స్, వయాటెర్రా, రైడా వంటి మన దేశపు కంపెనీలవి నాలుగు వేల నుంచి తొమ్మిది వేల లోపు చూడవచ్చు.

కొలత చూసేటప్పుడు నిలబడి కాకుండా బండి మీద కూర్చున్నట్టు చేతులు చాచి చూడండి. ముంజేయి పైకి లాగకూడదు, మోచేతి ప్యాడ్ పక్కకు తిరగకూడదు. తిరిగిందంటే పడినప్పుడూ తిరుగుతుంది. నలుపు కాకుండా లేత బూడిద రంగు తీసుకోండి. మన ఎర్రమట్టి దుమ్ముకు తెలుపు నిలవదు, నలుపు ఎండను పీల్చుకుంటుంది.

ఒక చిన్న సంగతి. వీపున బ్యాగు తగిలించుకుంటే వల అంతా మూసుకుపోతుంది, ఆరు వేలు వృథా. బ్యాగును వెనక సీటుకు కట్టండి.

చేతులు, కాళ్ళు

పడే మనిషి ముందుగా నేలకు ఆనించేది అరచేయి. నాకు తెలిసిన మంచి బేరం గ్లౌజులే: పదిహేను వందలు పెడితే అరచేతి మడమ దగ్గర జారే గట్టి ముక్క, వేళ్ళ కణుపుల మీద రక్షణ, పైన వల ఉన్నవి వస్తాయి. సగం వేళ్ళవి వద్దు. ఎండకు నల్లబడకుండా వేసుకునే పలచని చేతి తొడుగులు ఎండనే ఆపుతాయి, రోడ్డును ఆపవు. వాటి మీద జాకెట్ వేసుకుంటే నిక్షేపం.

చున్నీతో ముఖమంతా చుట్టుకుని పైన హెల్మెట్ పెట్టుకునే అలవాటు మన ఊళ్ళో ఆడవారికి ఎక్కువ. చున్నీ మడతల మీద హెల్మెట్ సరిగా కూర్చోదు, పైగా వేలాడే కొస చక్రంలో పడుతుంది. దానికి బదులు పలచని తల తొడుగు వేసుకుని, చున్నీని జాకెట్ లోపల నడుముకు చుట్టుకోండి. ఆడవారి కొలతల్లో జాకెట్లు విడిగా వస్తున్నాయి, మగవారి చిన్న సైజుతో సర్దుకోనక్కరలేదు.

ప్యాంటు విషయంలో మామూలు జీన్స్ మీద నమ్మకం పెట్టుకోకండి, చూడటానికి దళసరి అంతే. రోజూ ఆఫీసుకు రైడింగ్ ప్యాంటు వేసుకుని వెళ్ళే ఓపిక ఎవరికీ ఉండదని నాకు తెలుసు. నేను ఆఫీసు ప్యాంటు మీదే మోకాలి గార్డులు కట్టుకుంటాను, చేరగానే అర నిమిషంలో విప్పుతాను. మొదట్లో కాపలాదారు నవ్వేవాడు.

చెప్పులు వద్దు. చీలమండ కప్పే బూట్లు, లేసుల కొసలు లోపలికి దోపి.

తడి బనియను

ఈ ఉపాయం నా జేబుకు పైసా ఖర్చు కాకుండా నా వేసవిని మార్చింది. మధ్యాహ్నం బయలుదేరే ముందు ఆఫీసు చొక్కా మడిచి బ్యాగులో పెడతాను. నూలు బనియనును కుళాయి కింద తడిపి, నీళ్ళు కారకుండా పిండి వేసుకుంటాను. మెడకు తడి కండువా. పైన మెష్ జాకెట్. మొదటి వంద మీటర్లు ఏమీ తెలియదు. బండి 40 అందుకోగానే వల గుండా వచ్చే వేడిగాలి ఆ తడికి తగిలి, ఒళ్ళు ఒక్కసారిగా జలదరిస్తుంది. మే నెలలో చలి! రేణిగుంట దాటే దాకా ఆ హాయి ఉంటుంది. బనియను మరీ త్వరగా ఆరిపోతుంటే జాకెట్ ముందు జిప్పులు కొన్ని మూయాలి. గాలి 38 డిగ్రీలు దాటాక ఎక్కువ గాలి మేలు చేయదు, నిదానంగా ఆరడమే కావాలి. ఆటలకు వేసుకునే పాలిస్టర్ బనియను పావుగంటలో ఆరిపోతుంది, ఈ పనికి నూలుదే మంచిది. మబ్బు పట్టి ఉక్కపోసే సాయంత్రాల్లో మాత్రం ఇది పనిచేయదు, తడి ఆరదు కాబట్టి చిరాకే మిగులుతుంది.

నీళ్ళు, తిండి

దాహం వేసే దాకా ఆగకండి. బయలుదేరే అరగంట ముందు రెండు గ్లాసులు తాగండి. పొద్దున రాగి అంబలి, ఉప్పు వేసిన పలచని మజ్జిగ ఉంటే మిగతా షరబత్తుల అవసరం లేదు. బాగా చెమట పట్టిన రోజు లీటరు నీళ్ళలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలిపి తాగవచ్చు. చెంచాలు తలగొట్టి కొలవాలి, ఉప్పు ఎక్కువైతే మేలు బదులు కీడు. చక్కెర జబ్బు, రక్తపోటు ఉన్నవారు ముందు వైద్యుణ్ణి అడగాలి.

బండి సంగతి

వేసవిలో టైరు పేలుతుందని గాలి తగ్గించి కొట్టించే అలవాటు ఒకటి ఉంది. ఇది తలకిందుల పని. గాలి తక్కువైన టైరు ఎక్కువ నలుగుతుంది, నలిగిన కొద్దీ వేడెక్కుతుంది. కంపెనీ చెప్పినంతే, పొద్దున టైరు చల్లగా ఉన్నప్పుడు కొట్టించండి. టైరు పక్క గోడ మీద నాలుగంకెల సంఖ్య చూడండి: 2321 అంటే 2021లో 23వ వారం తయారైనది. మరీ పాతదైతే అరుగుదల లేకపోయినా మార్చడమే నయం. డిక్కీలో లైటరు, సెంటు సీసా, పవర్ బ్యాంకు ఉంచకండి. చెట్టు నీడ దొరకకపోతే సీటు మీద తెల్లగుడ్డ వేయండి.

కొండ దారి, సాయంత్రపు గాలివాన

సెలవు రోజు తిరుమలకు బండి మీద వెళ్ళేవారికి: ఎక్కేది 1974 నాటి రెండో ఘాట్ రోడ్డు, దిగేది 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు. ఎక్కడానికి 28 నిమిషాల కన్నా, దిగడానికి 40 నిమిషాల కన్నా తక్కువ సమయం పట్టకూడదన్నది నియమం. బండ్లను అనుమతించే వేళలు మారుతుంటాయి కాబట్టి అలిపిరిలో కనుక్కోండి. దిగేటప్పుడు బ్రేకు తొక్కిపెట్టి ఉంచితే అది వేడెక్కి పట్టు తప్పుతుంది. తక్కువ గేరులో ఇంజనుతోనే వేగం ఆపుతూ, మలుపుకు ముందు మాత్రం బ్రేకు వాడండి. మధ్యాహ్నం కొండరాళ్ళు కూడా వేడి కక్కుతాయి, తెల్లవారుజామునే మంచిది. అలిపిరి దగ్గర కాళ్ళకు చెప్పులు లేని భక్తులు కాలే తారు మీద పరుగులాంటి నడకతో అడ్డంగా వస్తారు. ఆ తొందరలో వారు మిమ్మల్ని చూడరు, మీరే చూడాలి.

మే నెల సాయంత్రాల్లో ఉన్నట్టుండి మబ్బు కమ్మి గాలివాన వస్తుంది. మొదటి పది నిమిషాలే గడ్డు. నెలల తరబడి రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము తడిసి సబ్బులా మారతాయి. చెట్టు కింద ఆగకండి, పెట్రోలు బంకు కప్పు కిందకో దుకాణం అరుగు మీదకో చేరండి. మెష్ జాకెట్ వానను ఆపదు, సంచిలో పలచని వాన కోటు ఒకటి ఉండాలి. మామిడి కాలంలో చిత్తూరు వైపు వెళ్ళేవారు గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరిన తోతాపురి ట్రాక్టర్లను గుర్తుంచుకోండి. చీకటి పడ్డాక వెనక లైటు లేని ట్రాక్టరు ట్రాలీ కన్నా భయంకరమైనది ఆ దారిలో లేదు.

ఒళ్ళు వద్దన్నప్పుడు

తలనొప్పి, వికారం, పిక్కలు పట్టేయడం, గేరు మార్చడం మరిచిపోవడం. వీటిలో ఏది కనిపించినా నీడలో ఆగి, హెల్మెట్, జాకెట్ తీసి, మెడ మీద నీళ్ళు పోసుకోండి. అరగంట ఆలస్యమైతే ఏమీ మునిగిపోదు. తోటి ప్రయాణికుడు తికమకగా మాట్లాడుతుంటే, ఒళ్ళు కాలిపోతుంటే అది వడదెబ్బ: 108కి ఫోను చేయండి, అది వచ్చేలోగా బట్టలు తడిపి, మెడ, చంకలు, గజ్జల దగ్గర చల్లని నీళ్ళు పోస్తూ గాలి విసరండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయకండి.

ఇంటికి వచ్చాక

హెల్మెట్ లోపలి బట్టను వారానికోసారి షాంపూ నీళ్ళలో నానబెట్టి నీడలో ఆరవేయండి. జాకెట్ ఉతికే ముందు ప్యాడ్లన్నీ తీయాలి. తిరిగి పెట్టేటప్పుడు కుడి ఎడమలు చూసుకోవాలి, నేను ఒకసారి మోచేతి ప్యాడ్లను తారుమారుగా పెట్టి రెండు రోజులు ఎందుకు గుచ్చుకుంటోందా అని తల పట్టుకున్నాను. చెమట పట్టిన గ్లౌజులను డిక్కీలో పడేస్తే మరుసటి రోజుకు డిక్కీ తెరవలేరు. మా ఇంట్లో ఇప్పుడు వాటికి, మెష్ జాకెట్‌కూ, బండి తాళానికీ ఒకటే మేకు. పాత దళసరి జాకెట్‌ను బెంగళూరులో ఉండే మా బావమరిదికి ఇచ్చేశాను, అక్కడి చలికి వాడు దాన్ని తెగ వాడుతున్నాడు.